విద్యార్థుల యుద్యమములు – పెద్దల ఋణము

(విశాఖపట్టణమున నొక పఠనమందిరమునందు జరిగిన నవంబరు 1వ తేది సంస్మరణ సభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



"విద్యార్థులు రాజకీయములలో పాల్గొనవచ్చునా?" అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఈ ప్రశ్న మన దేశమున నూరేండ్లకు పైగా వినవచ్చుచున్నది. ప్రభుత్వములు మారినవి, జెండాలు మారినవి, ప్రశ్న మాత్రము మారలేదు. అధికారమునకు వెలుపల నున్నంతకాలము విద్యార్థిని వీరుడని పొగడినవారే, అధికారపీఠ మెక్కిన మరునాడు అతనిని అల్లరివాడని నిందించుటయు మారలేదు.

ఇతర పట్టణములలో ఈ ప్రశ్నను గూర్చి ఎంతసేపైనను వాదింపవచ్చును. విశాఖపట్టణములో వాదమునకు తావు లేదు. కూర్మన్నపాలెము చెంత గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను పేర్లుగల మూడు బ్లాస్ట్ ఫర్నేసులు నిలిచియున్నవి. అవియే ఈ ప్రశ్నకు సమాధానము. విద్యార్థులు వీథికి రాకుండినచో ఆ కర్మాగారము ఇచ్చట ఉండియుండునని చెప్పగల ధైర్యము ఈ పట్టణమున నెవ్వరికిని లేదు. కావున ఆ పాత ప్రశ్నను ప్రక్కనబెట్టి, దానికంటె కఠినమైన మరియొక ప్రశ్నను మీముందుంచుచున్నాను. విద్యార్థి వీథికి వచ్చినపుడు పెద్దలు ఎచ్చట నుండవలయును? విద్యార్థి తిరిగి తరగతికి పోయిన పిమ్మట పెద్దలు ఏమి చేయవలయును?

మన చరిత్రనుండి రెండు సంగతులు మొదట మనవి చేసెదను. 1907లో బిపిన్ చంద్రపాలుగారు మన తీరమున పర్యటించి యుపన్యసించిరి. ఆ ప్రభావమున రాజమహేంద్రవరమున విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించిరి. కళాశాలాధికారులు కన్నెఱ్ఱజేసిరి. ట్రెయినింగు కళాశాల విద్యార్థియైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. కళాశాలనుండి వెళ్లగొట్టబడిన ఆ యువకుడు చెడిపోయెనా? 1908లో 'స్వరాజ్య' పత్రికకై కారాగారమున కేగెను. తరువాత అయ్యంకి వెంకటరమణయ్యగారితో బాటు ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమమునకు స్తంభమై నిలిచెను. నేడు మనము కూర్చున్న ఇట్టి పఠనమందిరములు ఊరూర వెలసినవనిన, అందులో ఆ బహిష్కృత విద్యార్థి చేసిన సేవ కొలదిది కాదు.

రెండవ సంగతి 1938 నాటిది. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతరము పాడరాదని నిషేధించిరి. విద్యార్థులు సమ్మె చేసిరి; వందలకొలది విద్యార్థులకు అచ్చటి తలుపులు మూయబడెను. అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనెను. ఈ తుదిమాటను గమనింపుడు. హైదరాబాదున ఒక విద్యాలయము తలుపు మూయగా, నాగపూరున పెద్దలు తలుపు తెరచిరి. తెరువకుండినచో ఆ యువకుల చదువు అంతటితో ముగిసియుండెడిది. ఆ సమ్మెలో పాల్గొని నాగపూరున చదివినవారిలో పాములపర్తి వేంకట నరసింహారావుగా రొకరు. ఏబదినాలుగేండ్ల తరువాత, 1992 ఆగస్టు 1వ తేదిన, మన ఉక్కు కర్మాగారమును జాతి కంకితము చేసిన ప్రధానమంత్రి ఆయనయే. ఒకనాడు సమ్మె చేసిన విద్యార్థి, విద్యార్థుల సమ్మెఫలమైన కర్మాగారమును జాతికి సమర్పించినాడు. విద్యార్థులు రాజకీయములకు తగరని చెప్పువారు ఈ రెండు జీవితములను చూచి మాటలాడుదురుగాక.

ఇంక మన యూరి సంగతికి వత్తము. 1965లో ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందమొకటి దక్షిణదేశమున నూతన ఉక్కు కర్మాగారమునకు విశాఖపట్టణమే తగిన స్థలమని సిఫారసు చేసినది. 1966 జూలై 1వ తేదిన రాష్ట్ర శాసనసభ యేకగ్రీవముగా తీర్మానించినది. నిపుణుల మాట యున్నది, శాసనసభ తీర్మానమున్నది, కేంద్ర ప్రభుత్వ నిర్ణయ మొక్కటి లేదు. సేలము, హోస్పేట పట్టణములును తమకే కావలయునని కోరుచుండెను. ధనము చాలదను మాటయు వినవచ్చుచుండెను. వ్యవహారము వాయిదాల పాలయ్యెను. కోర్టు వాయిదాలకు అలవాటుపడిన నావంటివానికి అది వింతగా తోచదు; కాని యువకుని రక్తమునకు వాయిదా యనునది తెలియదు.

1966 అక్టోబరు 15వ తేదిన టి. అమృతరావుగారు ఈ పట్టణమున నిరాహారదీక్షకు పూనుకొనిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థులు, పట్టణ కళాశాలల విద్యార్థులు ఆ దీక్షను తమ దీక్షగా భావించిరి. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అను నినాదము దినదినము ఒక్కొక్క యూరు దాటుచు, కోస్తా పట్టణములకే గాక తెలంగాణ పట్టణములకును వ్యాపించెను. విశాఖపట్టణమున నెలకొనబోవు కర్మాగారముకొఱకు వరంగల్లు యువకుడు గొంతెత్తినాడు. దానివలన తన యూరికి ఉద్యోగములు వచ్చునని కాదు. అది తన రాష్ట్రపు హక్కని నమ్మి.

నవంబరు 1వ తేది వచ్చెను. ఆంధ్రప్రదేశ మవతరించి సరిగా పదియేండ్లు నిండిన దినమది. ఉత్సవము జరుగవలసిన ఆ దినమున విశాఖపట్టణమున పోలీసులు కాల్పులు జరిపిరి. తొమ్మండుగురు ప్రాణములు విడిచిరి. వారిలో తొమ్మిదేండ్ల బాలుడొకడు. ఆ ఉద్యమమున రాష్ట్రమంతట మరణించినవారు 32 మంది. 3వ తేదిన అమృతరావుగారు దీక్ష విరమించిరి. కాని కర్మాగారము వచ్చినదా? రాలేదు. 1970 ఏప్రిల్ 17వ తేదిన శ్రీమతి ఇందిరాగాంధిగారు పార్లమెంటులో ప్రకటన చేసిరి. 1971 జనవరి 20వ తేదిన శంకుస్థాపన జరిగెను. ఆ పిమ్మట గూడ చాలకాలము ఆ పునాదిరాయి ఒంటరిగనే యుండెను. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అను సంస్థ యేర్పడినది 1982లో. జాతికి అంకితమైనది 1992లో. అనగా 1966లో ఇరువదియేండ్ల ప్రాయమున నినాదము చేసిన విద్యార్థికి, ఆ కర్మాగారము జాతికి అంకితమగునప్పటికి నలువదియారేండ్లు వచ్చినవి.

ఈ కాలగణన నేల చెప్పుచున్నాననగా, విద్యార్థి యుద్యమపు బలమును, దాని హద్దును ఇది యొక్కటే చక్కగా తెలుపును. విద్యార్థి ఒక కళాశాలలో నుండునది మూడేండ్లో, నాలుగేండ్లో. అతడు కేక వేయగలడు; కూలబడిన విషయమును లేపి నిలబెట్టగలడు. ఇరువదియేండ్లు ఆ విషయము వెంట తిరుగుట అతనికి సాధ్యము కాదు. పరీక్షలు వచ్చును, ఉద్యోగము వచ్చును, తండ్రి యప్పులు తీర్చవలసి వచ్చును. వెంట తిరుగవలసినవారు పురజనులు. కేక విద్యార్థిది, లెక్క పౌరులది. ఇదియే నేను నేడు చెప్పదలచిన ముఖ్యవిషయము.

1966లో ఈ పట్టణపు పెద్దలు ఆ లెక్కను కొంతవరకైనను మోసిరి. తెన్నేటి విశ్వనాథంగారు న్యాయవాది; స్వాతంత్ర్య సమరమున కారాగారము చూచినవారు; 1953లో ప్రకాశంగారి మంత్రివర్గమున ఆర్థికమంత్రిగా పనిచేసినవారు. అంతటి పెద్ద, విద్యార్థుల యుద్యమము చల్లారువరకు ఇంటిలో కూర్చుండలేదు. అఖిలపక్ష కార్యాచరణకు నాయకత్వము వహించిరి. 1967లో విశాఖపట్టణపు ఓటరులు ఆయనను స్వతంత్ర సభ్యునిగా లోకసభకు పంపిరి. వీథిలో పుట్టిన మాట పార్లమెంటునకు నడచిపోయినది. 1966లో ఓటుహక్కునకు 21 యేండ్లు నిండవలయును. నినాదము చేసిన కుఱ్ఱవాండ్రలో పలువురికి ఓటు లేదు. వారి పక్షమున వారి తండ్రులు, అన్నలు ఓటు వేసిరి. విద్యార్థియు, పౌరుడును కలసి నడచుటయన ఇట్టిది.

పెద్దలు తమ పని చేయనిచో నేమి జరుగునో గూడ మన చరిత్రయే చెప్పినది. 1956లో తెలంగాణకు రక్షణలు కల్పించుచు ఇరుప్రాంతముల నాయకులు ఒప్పందము వ్రాసికొనిరి. దానిని సరిగా నిలుపలేదన్న యసంతృప్తితో 1969లో తెలంగాణ విద్యార్థులు వీథికెక్కిరి. 1972లో ఆంధ్ర ప్రాంతపు విద్యార్థులు జై ఆంధ్రయని లేచిరి. ఉక్కుకొఱకు ఒక్కటై నిలిచిన యువకులు మూడు, నాలుగేండ్లలో చెరియొక దారి పట్టిరి. ఒప్పందముపై సంతకములు పెద్దలవి. తుపాకి ముందు నిలిచిన రొమ్ములు పిల్లలవి. విద్యార్థులు తొందరపడిరని నిందించుటకు ముందు, తొందరపడవలసిన దినములలో నిద్రించినదెవరో విచారింపవలదా?

ఉక్కు సాధించితిమన్న గర్వమున మనము మఱచిన విషయములు గూడ కలవు. ఆ కర్మాగారమునకై అరువదికి పైగా గ్రామములవారు తమ భూములను విడిచిరి. ఇచ్చిన మాటప్రకారము ఉద్యోగములు రాక ఎదురుచూచి వృద్ధులైనవారు వారిలో పెక్కురు. మఱియు ఆ కర్మాగారమునకు సొంత ఇనుపగనులు లేవు. బైలదిల్లా కొండలలోని ఖనిజము కొత్తవలస రైలుమార్గమున మన యూరికే దిగివచ్చును. అయినను మన కర్మాగారము దానిని బజారు ధరకు కొనుక్కొనవలసి వచ్చినది. గనిగల కర్మాగారముతో గనిలేనిది పోటీపడవలసి వచ్చిన, లెక్క యెట్లు తేలును? 1966 నాటి నినాదములో ఉక్కు ఉన్నది, గని లేదు. ఇది ఆ విద్యార్థుల లోపము కాదు. నినాదములో పట్టని సంగతులను కాగితముమీదికి ఎక్కించుట పెద్దల పని; అది జరుగలేదు.

ఫలితము 2021 జనవరి 27వ తేదిన కనబడెను. కేంద్ర మంత్రివర్గపు ఆర్థిక వ్యవహారముల సంఘము ఆ కర్మాగారమున ప్రభుత్వపు వాటాను నూటికి నూరు వంతులు విక్రయించుటకు సమ్మతించినది. ఫిబ్రవరి మాసముననే కూర్మన్నపాలెమున కార్మికుల శిబిరము వెలసినది. విద్యార్థులు, నిర్వాసితులు, న్యాయవాదులు, గృహిణులు వచ్చి కూర్చుండిరి. ఆ ఉద్యమమున ఒక సామాన్య స్వచ్ఛందసేవకుడనుగా నేను చూచినది చెప్పుచున్నాను: తాత వేసిన నినాదమునే మనుమడు మరల వేయవలసి వచ్చినది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వము 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించినది. ఏండ్లతరబడి శిబిరము నడిచిన పిమ్మట వచ్చిన సహాయమది. వచ్చినందుకు సంతోషింతము, కాని ధనము కరగిపోవును, గనియైన నిలుచును. ఆ భేదమును మఱచినచో, మునిమనుమడు గూడ అదే నినాదమును నేర్చుకొనవలసి యుండును.

మన పొరుగు దేశములవైపు చూడుడు. 2024లో బంగ్లాదేశమున ప్రభుత్వోద్యోగముల రిజర్వేషన్లపై మొదలైన విద్యార్థుల యాందోళన అనేక ప్రాణములను బలిగొని, ఆగస్టు 5వ తేదిన ప్రధానమంత్రి దేశము విడిచిపోవుటతో ముగిసెను. 2025 సెప్టెంబరులో నేపాళమున సామాజిక మాధ్యమములపై నిషేధము యువకులను రేపెను. వారి యసలు బాధ అవినీతి, నిరుద్యోగము. 8వ తేదిన కాల్పులలో యువకులు మరణించిరి. 9వ తేదిన ప్రధానమంత్రి రాజీనామా చేసిరి. అదే దినమున పార్లమెంటు భవనముతో బాటు సర్వోన్నత న్యాయస్థానపు భవనము గూడ దగ్ధమయ్యెను. మంత్రులు మారినందుకు సంతోషించువారు ఒక్క నిమిషము ఆలోచింపవలయును. న్యాయస్థానమున కాలిపోయినవి మంత్రుల కాగితములు కావు. పొలముకొఱకు, జీవనభృతికొఱకు ఏండ్లతరబడి తిరిగిన పేదవారి వ్యాజ్యపు కాగితములును అందులో నుండెను. నిప్పునకు న్యాయాన్యాయ విచక్షణ లేదు.

పూర్వము కరపత్రము అచ్చువేయుటకు రాత్రియంతయు పట్టెడిది. నేడు చేతిలోని ఫోనునందు ఒక్క గడియలో లక్షమందిని పిలువవచ్చును. కాని పిలుచుట సులువైనంత మాత్రమున నడిపించుట సులువు కాలేదు. పూర్వము కరపత్రము వ్రాయువాడు రాత్రియంతయు మేలుకొని యొక్కొక్క మాటను తూచెడివాడు. నేడు ఆ తూచుటకు తీరిక లేదు. కావుననే ఉద్యమములు ఎంత వేగముగా లేచుచున్నవో, అంత వేగముగా అపరిచితుల చేతులలోనికి పోవుచున్నవి.

విద్యార్థి మిత్రులారా! న్యాయవాదిగా మీకు కొన్ని మాటలు. మాటలాడు స్వేచ్ఛయు, ఆయుధములు లేక శాంతముగా గుమిగూడు స్వేచ్ఛయు రాజ్యాంగపు 19వ అధికరణము మీకిచ్చిన హక్కులు. ఎవ్వరి దయాభిక్షయు కావు. చిరకాలముగా 144 అని పేరుపడిన నిషేధాజ్ఞ 2024 జూలై 1వ తేదినుండి నూతన సంహితలో 163వ సెక్షనైనది. సక్రమమైన అభిప్రాయ ప్రకటనను అణచుటకు ఆ అధికారమును వాడరాదని సర్వోన్నత న్యాయస్థానము 2020లో చెప్పియున్నది. అరెస్టు చేసిన యెడల ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలయును. మీకు నచ్చిన వకీలును సంప్రదించుకొనవచ్చును. నిర్బంధములో నున్నవానికి వకీలును పెట్టుకొను స్తోమత లేకున్నచో ఉచిత న్యాయసహాయము లభించును.

హక్కుల ప్రక్కనే ప్రమాదము నెఱుగుడు. ఐదుగురును, అంతకు మించినవారును చట్టవిరుద్ధమైన ఉద్దేశముతో గుమిగూడినచో, ఆ ఉద్దేశసాధనకై ఒక్కడు చేసిన నేరము గుంపులోని వారందరికిని అంటుకొనును. రాయి విసరినవాడు పరుగెత్తిపోవును. ప్రక్కన నినాదము చేయుచు నిలిచిన అమాయకుడు ముద్దాయి యగును. ఒక్క కేసు వలన పాసుపోర్టు ఆగిపోయి, ఉద్యోగపు విచారణలో చిక్కుపడి, వాయిదాలకు తిరిగి తిరిగి అలసిన యువకులను మా వృత్తిలో నిత్యము చూచుచున్నాము. ఊరేగింపునకు పోవుటకు ముందు దాని నాయకుడెవడు, మార్గమేది, రాయి విసరువానిని ఆపు బాధ్యత యెవరిది అని అడుగుడు. ఈ మూడింటికి జవాబు లేని ఊరేగింపు మీది కాదు.

1966 నాటి విద్యార్థికి లేని రెండు సాధనములు మీకున్నవి. 1989నుండి పదునెనిమిదేండ్లకే ఓటు వచ్చినది. 2005 నాటి సమాచారహక్కు చట్టము ననుసరించి కేంద్ర ప్రభుత్వ కార్యాలయమును పది రూపాయల రుసుముతో ప్రశ్నింపవచ్చును; ముప్పది దినములలో జవాబు రావలయును. గనుల విషయమున ఎవరెప్పుడేమి వ్రాసిరో, నిర్వాసితుల జాబితాలో ఇంక నెందఱు మిగిలియున్నారో అడిగి తెలిసికొనుడు. నినాదమునకు వెనుక కాగితముండిన, దానిని కాదనుట మంత్రికి గూడ కష్టము.

పెద్దలారా! ఇంక మన వంతు. మన రాష్ట్రమున 1980 దశాబ్దపు చివర కళాశాలలలో విద్యార్థి సంఘముల ఎన్నికలు నిలిచిపోయి, దశాబ్దములు గడచినవి. ఎన్నికలలో హింస యున్నదని కారణము చెప్పిరి. ఆ హింస నిజమే. దానిని నివారించుటకై లింగ్డో సంఘము నియమములు రూపొందించినది. 2006 సెప్టెంబరు 22వ తేదిన సర్వోన్నత న్యాయస్థానము వాని నమలుపరచుమన్నది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలకు మించరాదనునది అందులో నొకటి. కళాశాలలో ఓటు వేయుట నేర్వని యువకుడు శాసనసభ కోటు వేయునపుడు మాత్రము వివేకవంతుడు కావలయునని కోరుట న్యాయమా? ఈత నేర్పక సముద్రములో దింపుట వంటిదది. మాటలాడుటకు సభ లేనివాడు వీథిని వెదకికొనును. ఆ తరువాత వీథికేల వచ్చితివని దండించుట రెండవ యన్యాయము.

ఈ సభ కేవలము పూలమాలలతో ముగియరాదని నా ప్రార్థన. మూడు పనులు మీముందుంచుచున్నాను. మొదటిది: 1966లో మరణించిన వారందరి పేర్లు, వయస్సులు, ఊళ్లు, మరణించిన తీరు సేకరించి ఈ పఠనమందిరమున నొక గ్రంథముగా నుంచవలయును. నాటి విద్యార్థులు నేడు ఎనుబదియేండ్లకు చేరువైనారు. వారు జీవించియుండగనే వారి వాఙ్మూలములను వ్రాసికొనవలయును. ఒక్కొక్క సంవత్సరము గడచినకొలది ఒక్కొక్క సాక్షి తగ్గిపోవుచున్నాడు. రెండవది: శాంతియుతముగా ఉద్యమించి కేసులలో చిక్కిన విద్యార్థుల పక్షమున ఫీజు లేకుండ హాజరగు న్యాయవాదుల పట్టిక యొకటి ఇచ్చట నుండవలయును. అందులో నా పేరు మొదట వ్రాసికొనుడు. మూడవది: ఉక్కు కర్మాగారపు వార్షిక నివేదికలు, పార్లమెంటు ప్రశ్నోత్తరములు, భూసేకరణ పత్రములు ఒక బీరువాలో చేర్చి, చదువదలచిన ప్రతి విద్యార్థికి అందుబాటులో నుంచవలయును. బహిష్కృత విద్యార్థి గాడిచర్లవారు గ్రంథాలయములకై జీవితము ధారపోసినది ఇట్టి పనులకొఱకే గదా!

తొమ్మిదేండ్ల బాలుడు రాజకీయ మెఱుగడు, నిపుణుల నివేదిక చదువలేదు, ఓటున్నవాడు కాడు. అయినను మన కర్మాగారపు వెలలో వాని ప్రాణము చేరినది. ఆ వెలను మనము చెల్లింపలేదు. మనకొఱకు ఇతరులు చెల్లించిరి. ఋణమన్న మాట నేను వాడినది అందులకే. విద్యార్థులు మరల మరల ప్రాణములిచ్చి మనలను మేల్కొల్పవలసిన యవసరము రాకుండ చూచుటయే ఆ ఋణము తీర్చు మార్గము. ఆ పట్టికలో సంతకము చేయదలచిన న్యాయవాదులును, వాఙ్మూలములు వ్రాయుటకు సాయంకాలము లివ్వగల విద్యార్థులును సభ ముగిసిన వెంటనే కార్యదర్శిగారి బల్లవద్దకు రావలయునని కోరుచు విరమించుచున్నాను.